సువాసనల మడి

వసంతమును గూర్చి మన వాచకములలో నున్న పాఠములు ఇంచుమించుగా అన్నియు కన్నుల కొఱకే వ్రాయబడినవి. మోదుగుపూల యెఱుపు, మామిడి చిగురు రాగివన్నె, వేపపూత తెలుపు, గానుగ లేతాకు నిగనిగ, ఇవియే వాని సంపద. చెవి కొఱకు ఒక కోకిల గలదు. తక్కిన దంతయు రంగే. మన పాఠశాలలో చూపులేని బాలురును బాలికలును కొందఱు తక్కినవారితో కూడ ఒకే బల్లమీద కూర్చుండి చదువుచున్నారని చదువరు లెఱుగుదురు. ఎనిమిదవ తరగతిలో ఇట్టి పాఠ మొకటి ముగిసిన పిమ్మట వారిలో నొకడు లేచి, "అయ్యా, చైత్రము వచ్చినదని మీరు చూచి తెలిసికొందురు. మేము పంచాంగము చదివించుకొని తెలిసికొనవలెనా?" అని యడిగెను. ఆ ప్రశ్నలో ఎగతాళి లేదు, ఏడుపును లేదు. తెలియగోరినవాని ప్రశ్న యది. దానికి మాటలతో కంటె మట్టితో ఉత్తరము చెప్పుట మేలని, తోటపని చూచువారమగు మేము తలంచితిమి. వసతిగృహము నుండి తరగతులకు బోవు బాట ప్రక్కన 40 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పున ఇటుకలు పేర్చి, మోకాలెత్తు మట్టి నింపి, ఒక మడి కట్టించితిమి. ఆ మడిలో వేసిన మొక్కలను గూర్చియు, అవి మాకు నేర్పినదానిని గూర్చియు ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

సువాసనగల మొక్కలకు మనకు కొదువ లేదు. మల్లె, జాజి, విరజాజి, సంపెంగ, పొగడ ఇంటింట గలవు. అయినను ఆ మడిలో ముఖ్యముగా దుంపజాతి పూమొక్కలనే వేయ నిశ్చయించితిమి. పొద యేడాది పొడుగునను ఒక్కచోటనే నిలిచియుండును. దుంపమొక్క యట్లు గాదు. అది ఒకప్పుడు నేలపై నుండి బొత్తిగ మాయమగును, మరల మొన చూపును, ఆకు వేయును, వెన్ను తీయును, పూయును, పండును, తిరిగి నిద్రించును. దాని సంవత్సరమును వ్రేళ్లతో తడవి చదువవచ్చును. పంచాంగము వలదన్న బాలునకు ఇంతకంటె తగిన మొక్క మాకు తోచలేదు.

దుంప యనగానేమో మొదట చెప్పవలెను. మనము వాడుకలో చామదుంపను, ఉల్లిగడ్డను ఒక్కతీరుననే దుంప యనియో గడ్డ యనియో అందుము. వృక్షశాస్త్రమున ఉల్లివంటి దానికి లశునమని పేరు. ఆ బాలబాలికలకు దీనిని బోధించుటకు వంటయింటి నుండి ఒక యుల్లిగడ్డను తెప్పించి, నిలువున రెండు చెక్కలుగా గోసి చేతుల కిచ్చితిమి. అడుగున గట్టిగానుండు చిన్న పీఠమే దాని కాండము. వేళ్లు అందుండియే పుట్టును. ఆ పీఠముపై నొకదాని నొకటి క్రమ్ముకొనియున్న దళసరి పొరలు ఆకుల మొదళ్లు. నడిమి మెత్తని మొనయే రాబోవు మొలక. వచ్చు కాలమునకు వలయు ఆహారమంతయు ఆ పొరలలో ముందుగనే కూడియుండును. కొన్ని జాతులలో పూమొగ్గ సయితము అందే రూపొంది, మిక్కిలి చిన్నదై, దాగియుండును. ఒక బాలిక ఆ చెక్కను చాలసేపు తడవి చూచి, "అయితే పువ్వును మనము చేయుట లేదన్నమాట. అది లోపల నున్నదే" అనెను. ఆ మాట సరియైనది. తోటవాని పని ఆ పువ్వునకు వెలుపలికి వచ్చు దారి సిద్ధపఱచుటయే.

వసంతమున పూయు సువాసన దుంపలలో ప్రపంచమున పేరుపొందినవి శీతదేశపువి. వానిలో హయసింతు ముఖ్యము. దాని పుట్టినిల్లు టర్కీ, సిరియా, లెబనాను దేశముల కొండసీమలు. తురుష్క సుల్తానుల యుద్యానములలో పెరిగి, 16వ శతాబ్దమున అది పశ్చిమ ఐరోపాకు వచ్చెను. 1593వ సంవత్సరమున హాలెండులోని లైడెన్ నగరమునకు వచ్చి, అచ్చటి విశ్వవిద్యాలయపు తోటను నిలిపిన క్లూసియస్ అను పండితుడు ఇట్టి దుంపలను ఆ దేశమున నాటి వ్యాపింపజేసినవారిలో అగ్రగణ్యుడు. పిమ్మట హార్లెం పట్టణపు తోటవారు దానినుండి వందలకొలది రకములను పుట్టించిరి. నర్గిస్ అని ఉర్దూ కవులు మెచ్చుకొను నార్సిససు మఱియొకటి. అది కాశ్మీరమునను బెరుగును, పాలస్తీనా మైదానములలో చలికాలపు వానలకును పూయును. పరిశుద్ధ గ్రంథమును ఆంగ్లమున చదువునప్పుడు లిల్లీ యని కనబడు చోట, మన తెలుగు అనువాదకులు పరమగీతములో పద్మమనియు, కొండమీది ప్రసంగములో అడవిపువ్వులనియు వ్రాసిరి. ఆ దేశపు గడ్డల పూలను మన తాతలు చూచియుండలేదు గనుక, తాము చూచిన పువ్వునే వారు చూపిరి. ఎచ్చటి వసంతమున కచ్చటి పువ్వు గదా.

ఆ దేశములలో హయసింతును పెంచు రీతి యిది. సెప్టెంబరు నుండి నవంబరు లోపల, నేల గడ్డకట్టకముందు, దుంప యెత్తునకు మూడింతల లోతున, అనగా సుమారు 15 సెంటీమీటర్ల లోతున నాటుదురు. నీరు నిలువని నేల కావలెను. చలికాలమంతయు దుంప మంచుక్రింద వేళ్లు తన్నుకొనుచుండును. మార్చి ఏప్రిలు నెలలలో గుత్తిగా పూయును. పూత ముగిసిన తరువాత ఆకులు వడలి వికారముగా కనబడినను, అవి పసుపుబాఱువఱకు కోయరాదు, ముడివేయరాదు. వచ్చు సంవత్సరపు దుంపకు ఆహారము వండునది ఆ వడలుచున్న ఆకులే. అందువలననే అచ్చటివారు హయసింతు నడుమ నడుమ ప్రిమ్రోజు, వాల్‌ఫ్లవరు, ఫర్గెట్‌మినాటు మొదలగు మొక్కలను సావాసులుగా వేయుదురు. అవి పూతవేళ నేలను కప్పి అందము గూర్చును. పూత ముగియగా వడలు ఆకులను మరుగుపఱచును. వాల్‌ఫ్లవరు తన పరిమళమును గూడ కలుపును. చూచుటకు అలంకారమువలె నుండు ఈ సావాసము దుంప తన పని ముగించుకొనువఱకు దానికి గడువిప్పించుటయే.

హయసింతునకు చలి యేల కావలెను? వేసవిలో త్రవ్వి ఆరబెట్టిన దుంపలో, వెచ్చదనమున, పూమొగ్గ యేర్పడును. కాని యేర్పడిన మొగ్గ కాడ సాగి వెలుపలికి రావలెనన్న, 9 డిగ్రీల సెంటిగ్రేడునకు లోబడిన చలి 12 వారములైన ఆ దుంపకు తగులవలెను. తగులనిచో మొగ్గ పొరలలోననే యిఱుకుకొని యెండిపోవును. మన మైదానములలో అట్టి చలి యెన్నడు నుండదు. ఎంత మంచి యెరువు వేసినను, ఎంత నీడ పట్టినను దుంప పూయకపోవుటకు కారణమిదియే.

చూపులేని మా విద్యార్థులు ఈ పువ్వును గూర్చి విని, ఒక్కతూరి దాని వాసన యెట్లుండునో యెఱుగగోరిరి. మైదానమునను దానిని పూయించు మార్గము లేకపోలేదు. నగరపు నర్సరీ నుండి పది దుంపలు తెప్పించితిమి. వానిని కాగితపు సంచిలో పెట్టి, అక్టోబరు మొదట ఫ్రిజ్ అను శీతలపేటికలో క్రింది యరలో నుంచితిమి. ఆ యరలో పండ్లు, ముఖ్యముగా ఆపిలు పండ్లు పెట్టరాదని కాగితము అంటించితిమి. పండుచున్న పండ్ల నుండి వెలువడు ఎథిలీను వాయువు దుంపలోని పూమొగ్గను చంపును. ఉల్లి యనుకొని యెవరును వంటకు తీసికొనకుండ వేఱొక కాగితమును వ్రాసియుంచితిమి. హయసింతు నార్సిససు దుంపలు విషతుల్యములు. హయసింతు దుంపను వట్టి చేతులతో పట్టినచో దానిలోని సూదులవంటి స్ఫటికములు చర్మమునకు దురద పుట్టించును గనుక, తడవిచూచు పిల్లలకు చేతితొడుగులు వేయించితిమి. పండ్రెండు వారములు నిండిన పిమ్మట మెడ సన్నని గాజుపాత్రలలో, నీరు దుంప యడుగును అంటీ అంటకుండునట్లు పోసి, చల్లని గదిలో నిలిపితిమి. జనవరి మూడవ వారమున పదింట ఏడు పూచినవి.

ఆ దినములలో ఆ గది ముందు పిల్లలు వరుస గట్టిరి. లవంగమును తేనెను పచ్చియాకును కలిపినట్లున్నదని యొక బాలిక చెప్పెను. శీతదేశమున రెండు వారములు నిలుచు ఆ పూవులు మన యెండ వేడిమికి అయిదు దినములలో వాడిపోయెను. మఱుసటియేడు ఆ దుంపలు మన నేలలో పూయవు. ప్రతి సంవత్సరము క్రొత్తవి కొనవలెను, మరల శీతలపేటికలో పెట్టవలెను. అప్పుడు తోటసంఘములో చర్చ జరిగెను. అంత పరిమళము ఏటేట తెప్పించుట ధర్మమే యని కొందఱనిరి. ఆ పదింటి వెలతో నేలసంపెంగ దుంపలు గంపెడు వచ్చునని కొందఱనిరి. తుదకు పిల్లలనే యడిగితిమి. మొదట ప్రశ్న వేసిన బాలుడు, "హయసింతు చుట్టము. చుట్టము వచ్చిన సంతోషమే. కాని చుట్టమును చూచి మన చైత్రమును లెక్కపెట్టుకొనలేము" అనెను. మడిలో నేమి వేయవలెనో అంతటితో తేలిపోయెను.

నేలసంపెంగ యని పెద్దలును, లిల్లీ యని పూల యంగడివారును పిలుచు మొక్క మన సీమలో రైతు లెఱిగినదే. అయినను అదియు పరదేశము నుండి వచ్చినదే యని వినిన చాలమంది యాశ్చర్యపడుదురు. దాని జన్మభూమి మెక్సికో. అచ్చటి అజ్టెక్కులు తమ భాషలో దానిని ఎముకపువ్వని పిలిచిరి, ఆ తెలుపును బట్టి గాబోలు. ఐరోపావారి మూలముగా మన దేశమునకు వచ్చి, ఉత్తరాదిని రజనీగంధ యను పేరు వడసెను. 1753లో లిన్నేయసు దానికి పాలియాంథిస్ ట్యూబరోసా యని శాస్త్రనామ మిడెను. ఇటీవలి శాస్త్రజ్ఞులు దానిని కిత్తనార జాతిలో చేర్చి, అగేవ్ అమీకా యనుచున్నారు. చలి నాసింపక, మన యెండలకు జంకక, మన నేలను తన నేలగా జేసికొన్నది గనుక అది మనకిక చుట్టము గాదు, ఇంటిదే.

దీనిలో ఒంటిరెక్కల రకము, ముద్దరకము అని రెండు గలవు. ముద్దపువ్వు చూపునకు బాగుండును. పరిమళమున ఒంటిరెక్కలదే మిన్న. బెంగుళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థవారు శృంగార్, ప్రజ్వల్ అను ఒంటిరెక్కల రకములను రూపొందించి రైతులకిచ్చిరి. మేము ఒంటిరెక్కల దుంపలనే తెచ్చితిమి. 2 మొదలు 3 సెంటీమీటర్ల వ్యాసముగల దుంపలను ఏరి, నీడను గాలి తగులునట్లు ఒక నెల యారబెట్టి, నవంబరు రెండవ పక్షమున నాటితిమి. మాగిన పశువుల యెరువు, ఎఱ్ఱమట్టి, కొంచెము ఇసుక కలిపి మడిని గుల్లచేసితిమి. దుంపకు దుంపకు 20 సెంటీమీటర్ల యెడము, 5 మొదలు 6 సెంటీమీటర్ల లోతు చాలును. మొలక కనబడువఱకు నేల తడి యారకుండ చూచినచో చాలును, బురద చేయరాదు. పిమ్మట వారమున కొకసారియు, ఎండలు ముదిరినకొలది అంతకు తఱుచుగాను నీరు పెట్టవలెను. నాటిన మూడు నాలుగు నెలలకు వెన్ను వచ్చును. మాకు మార్చి నడుమ మొదటి వెన్ను మొన తీసెను. ఉగాది నాటికి మడి పొడుగునను వెన్నులు మనుజుని నడుము దాటి నిలిచెను.

ఈ పువ్వు క్రిందనుండి పైకి రోజునకు రెండు మూడు చొప్పున విప్పారును. ఒక్క వెన్ను రెండు వారములకు మించి పరిమళించుచుండును. పగలు మెత్తగానుండు ఆ పరిమళము ప్రొద్దుక్రుంకిన తరువాత ఎక్కువగును. రాత్రివేళ తిరుగు పొడవు తొండపు రెక్కలపురుగులను పిలుచుటకే ఆ యేర్పాటని శాస్త్రజ్ఞు లందురు. చీకటిలో తన పని సాగించుకొనుటకు రంగును నమ్మక వాసనను నమ్మిన పువ్వు ఇది. మా పిల్లలకు ఈ సంగతి చెప్పినప్పుడు వారికి కలిగిన సంతోష మింతంత గాదు.

ఇక సావాసుల మాట. నేలసంపెంగకు ప్రబలశత్రువు వేళ్లలో ముడులు వేయు నులిపురుగు. అది కంటి కగపడనంత చిన్నది. దాని పాలబడిన మొక్క ఆకు పాలిపోవును, వెన్ను పొట్టిదగును. బంతి వేళ్ల నుండి వెలువడు ద్రవ్యము ఈ పురుగును అణచును గనుక మడి పొడుగునను బంతిని నడుమ నడుమ వేసితిమి. చూచువారికి అది పసుపురంగు అలంకారము, మాకు కావలి. మడి యంచున మరువమును, దవనమును నాటితిమి. ఇవి తాకినగాని వాసన నీయవు. బాటవెంట నడచు పిల్లల చేతికి అందునట్లుండుట వానికి తగును. దవనము నవంబరులో నాటిన ఫిబ్రవరి మార్చి నెలలకు ముదిరి, మంచి వాసన నిచ్చి, ఎండలు ముదురగనే పోవును. సరిగ నప్పుడే నేలసంపెంగ మొదలగును. కనుక దవనము వాసన తగ్గుట చైత్రము దగ్గఱపడినదనుటకు గుఱుతయ్యెను. ఇటుకల మూలలయందు వట్టివేరు గడ్డిని నాటితిమి. అది మట్టిని పట్టియుంచును. దాని పరిమళము వేళ్లలోనిది గాన, త్రవ్విననాడే తెలియును.

ఇప్పుడు ఈ వ్యాసము వ్రాయుటకు ప్రేరకమైన సంగతి చెప్పవలసియున్నది. నేలసంపెంగ దుంప యొక్కసారియే పూయును. పూచిన తల్లిదుంప మరల పూయదు. దానిచుట్టు పుట్టిన పిల్లదుంపలు పెరిగి తమ వంతున పూయును. రెండు మూడేండ్లకు గుబురు క్రిక్కిఱిసి, పూత సన్నగిల్లును. అప్పుడు ఆకులు పండువేళ నీరు మాన్పి, దుంపలను త్రవ్వి, విడదీసి, నీడను ఆరబెట్టి, మరల నాటవలెను. మూడవయేట మేమట్లు త్రవ్వి, దుంపలను సామాను గదిలో పరచితిమి. దయగల చిన్నవాడొకడు అవి యెండి ముడతలుపడుట చూచి జాలిపడి, ఎవరికిని చెప్పక రెండు దినములు ఒక మూలనున్న దుంపలపై నీరు చల్లెను. మూడవనాడు ఆ గది ముందుగా బోవుచున్న చూపులేని బాలిక నిలిచి, లోపల నేదో కుళ్లుచున్నదని చెప్పెను. మేము వెళ్లి చూచితిమి. పైకి దుంపలన్నియు బాగుగనే యున్నవి. త్రిప్పి చూడగా ఆ మూలవానికి పీఠముకడ మెత్తదనము కలిగియుండెను. వానిని వేఱుచేయుటవలన తక్కినవి దక్కినవి. మా కన్నులు చెప్పని సంగతి ఆ బాలిక ముక్కు చెప్పెను.

ఆ నెలలోనే తల్లిదండ్రుల సమావేశము జరిగెను. చూపులేని పిల్లలు మడిలో మట్టి త్రవ్వుట విని యొక తండ్రి, "వారికి పువ్వుల వాసన చూపించుడు, సంతోషము. వారిచేత మట్టిపని చేయించుట న్యాయమా?" అని అడిగెను. ఆయన యడిగినది కోపముతో గాదు, ప్రేమతోనే. దానికి మేము బదులు చెప్పకమునుపే, ఇప్పుడు పదవ తరగతికి వచ్చిన ఆ మొదటి బాలుడు లేచి, "అయ్యా, వాసన చూపించుట దయ. దుంపను నా చేత పెట్టనిచ్చుట నమ్మకము. దయ మాకు ఇంటను వీధిని కావలసినంత దొరకుచున్నది" అని వినయముగా చెప్పి కూర్చుండెను. సభ కొంతసేపు నిశ్శబ్దముగా నుండెను. ఆ తండ్రి మఱునాటి యుదయమున మడికడకు వచ్చి, తన కుమార్తె పని చేయుట చాలసేపు నిలిచి చూచి వెళ్లెను.

ఆనాటి నుండి ఆ మడి చూపులేని విద్యార్థుల కొఱకు వేసిన మడి కాదు, వారు నడపు మడి. వారి పనితీరు చూడదగినది. 20 సెంటీమీటర్ల కొక ముడివేసిన త్రాటిని మడిపై లాగికట్టి, ముడి ముడికి ఒక దుంప నాటుదురు. చూపుడువ్రేలి రెండు కణుపులు దిగినంత లోతు. నీరు కావలెనో వలదో మట్టిలో వ్రేలు గ్రుచ్చి తెలిసికొందురు. వేళ్లలో నులిపురుగు ముడులున్నవో లేవో, త్రవ్విన గుబురును నిమిరి, ఆవగింజలవలె తగులువానిని బట్టి చెప్పుదురు. వెన్నులను చేతితో లెక్కించి, బ్రెయిలీ లిపిలో తేదీలవారీగా పుస్తకము వ్రాయుచున్నారు. వాసనను బట్టి దారి తెలియునని కొందఱు సందర్శకులు పొగడుదురు గాని అది పూర్తిగ నిజము గాదు. గాలి మారిననాడు పరిమళము ఎటునుండి వచ్చినది తెలియదు. దారికి చేతికఱ్ఱయే నమ్మకమని పిల్లలే చెప్పుదురు. ఆ మడి దారి చూపదు, కాలము చూపును. దవనము తగ్గినది, మొదటి వెన్ను మొన తీసినది, క్రింది పువ్వు విచ్చినది అని మార్చి నెలలో ఉదయపు ప్రార్థనకు ముందు వారే మాకు వచ్చి చెప్పుచున్నారు. చైత్రము వచ్చెనని మేమే వారినుండి తెలిసికొనుచున్నాము.

దుంపలను పెంచుటలో మేము నేర్చినది ఒక్కటే. హయసింతునకు పండ్రెండు వారముల చలి వలెను. నేలసంపెంగకు నెలదినముల యెండుపాటు వలెను. ఆ కఠినకాలమును తప్పించి దుంపను గారాబము చేసినచో ఒకటి పూయదు, మఱొకటి కుళ్లును. పిల్లలను గూర్చియు ఇది కొంతవఱకు నిజమేమో తల్లిదండ్రులు ఆలోచింపవలెను. కఠినకాలము కలుగజేయుమని మేమనుట లేదు. అది దానంతట వచ్చును. దానిలో వారు చేయగలిగిన పనిని వారి చేతులనుండి తీసివేయవలదని మాత్రమే మా మనవి.

ఈ సంవత్సరము మడి నుండి పిల్లదుంపలు సమృద్ధిగా వచ్చినవి. ఇండ్లవద్ద నాటగోరు విద్యార్థులును తల్లిదండ్రులును నవంబరు రెండవ పక్షమున సంచితో వచ్చినయెడల ఒక్కొక్కరికి పండ్రెండు చొప్పున ఉచితముగా నీయబడును. పంచువారు ఆ మడి విద్యార్థులే. తీసికొనిపోయినవారు బంతినారును, పిడికెడు మరువమును కూడ తీసికొనిపోవలెను. నాటునప్పుడు పీఠము క్రిందికిని, మొన పైకిని ఉండునట్లు చూచుకొనుడు. వ్రేలితో తడవినచో చీకటిలోనైనను తెలియును.